కాలని కాళ్ళు

వాకిట్లోంచి వంటింటి దాకా గచ్చు మీద ఎర్రటి మరకలు వరసగా పడి ఉంటే, శ్రీదుర్గ ముందు పిల్లిని తిట్టుకుంది. సర్కారు సముద్రంలో వేట ఆపేసిన రోజుల్లో ఈ దొంగముండకి పచ్చి చేప ఎక్కడ దొరికిందో అనుకుంటూ తడిగుడ్డ తెచ్చి తుడవడం మొదలుపెట్టింది. తుడుచుకుంటూ తుడుచుకుంటూ పొయ్యి దాకా వెళ్ళేసరికి అత్తగారి పాదం అడ్డొచ్చింది. సత్యవతమ్మ పొయ్యి ముందు నిలబడి తాపీగా చింతపండు పిసుకుతోంది. ఆఖరి మరక ఆవిడ ఎడమ పాదం కిందే ఉంది, ఇంకా చెమ్మగా.

"అత్తమ్మా, కాలెత్తు."

"ఎందుకే?"

"ఎత్తమంటన్నాగా!"

సత్యవతమ్మ గోడకి చెయ్యి ఆనించి కాలెత్తింది. బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత బొబ్బ చితికి, చర్మం ఊడి వేలాడుతోంది. ఆ పచ్చి మాంసంలో గుల్లపెంకు ముక్క ఒకటి గుచ్చుకుని ఉంది. శ్రీదుర్గ కెవ్వుమంది. సత్యవతమ్మ మాత్రం మెడ వంచి, ఎవరిదో కాలు చూసినట్టు చూసింది.

"ఇదెప్పుడు గుచ్చుకుందే?" అని కోడల్నే అడిగింది.

మంగినపూడి దగ్గరి ఆ పల్లెలో సత్యవతమ్మ కాళ్ళంటే ఒక గొప్ప. ఎండు చేపలు బందరులో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది, కాలికి బలపం కట్టుకున్న మనిషి. వాటిని ఆరబోసేది మండుటెండలో, తీరం ఇసుక మీద. మిగతా ఆడవాళ్ళు ఆ ఇసుకలో నాలుగడుగులు వేసి, కాళ్ళు కాలి, కెవ్వున అరుస్తూ సరుగుడు చెట్ల నీడలోకి పరిగెత్తేవాళ్ళు. సత్యవతమ్మ ఒక్కర్తే పెళ్ళిపందిట్లో తిరుగుతున్నట్టు మెత్తళ్ళ చేపలు తిరగేస్తూ మధ్యాహ్నమంతా అక్కడే ఉండేది. "దానికి గంగమ్మ తల్లి కాళ్ళిచ్చిందే," అని పెద్దావిడ వెంకాయమ్మ ఒక ఏడాది నలుగురిలో తేల్చి చెప్పేసింది. వేట మళ్ళీ మొదలయ్యే నాడు, సూర్యుడు నడినెత్తికొచ్చిన వేళ, వట్టికాళ్ళతో ఇసుక దాటి పడవల ముక్కుల మీద పసుపునీళ్ళు పోసే ఆనవాయితీ ఒకటుంది అక్కడ. అంతవరకూ ఆ పసుపునీళ్ళ బిందె వెంకాయమ్మదే. తన మోకాళ్ళు లాగుతున్నాయని చెప్పి ఆ ఏడే ఆవిడ దాన్ని సత్యవతమ్మ చంకలో పెట్టింది.

మర్నాడు శ్రీదుర్గ అత్తగారిని ఆటో ఎక్కించి బందరు తీసుకెళ్ళింది. ఆస్పత్రిలో రక్తం తీశారు, పెంకు తీశారు, కట్టు కట్టారు. తర్వాత డాక్టరు శ్రీలక్ష్మి గారు పొట్టి స్టూలు లాక్కుని సత్యవతమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. తన కూతురి వయసున్న డాక్టరమ్మ తన పాదం ఒళ్ళో పెట్టుకుంటే సత్యవతమ్మ సిగ్గుతో ముడుచుకుపోయింది.

"కళ్ళు మూసుకోండమ్మా. ఒక దారంతో తాకుతుంటాను. తగిలినప్పుడల్లా ఊఁ అనండి."

సత్యవతమ్మ కళ్ళు మూసుకుంది. ఫ్యాను చప్పుడు వినపడుతోంది. ఎవరో పిల్లాడు సూదికి భయపడి ఏడుస్తున్నాడు. కాసేపు ఓపిక పట్టింది. తర్వాత పట్టలేకపోయింది.

"మొదలెట్టండమ్మా, తొందరగా వెళ్ళాలి. నిలవ చేపలు ఎండలో పెట్టొచ్చాను."

బదులు రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే శ్రీదుర్గ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. డాక్టరమ్మ చేతిలో ఉన్న పుల్ల చివర సన్నటి దారం, మడమ మీద ఆనించి ఉంది.

"రెండు పాదాలూ అయిపోయాయమ్మా," అంది డాక్టరమ్మ మెల్లిగా. "షుగరు చాలా ఉంది. ఎన్నేళ్ళనించో ఉండుంటుంది. పాదాల్లో స్పర్శ పోయింది. అందుకే కాలినా, గుచ్చుకున్నా మీకు తెలియడం లేదు."

సత్యవతమ్మ ఆ దారం వంకే చూస్తూ ఉండిపోయింది. ఆ దారం ఆవిడకి కొత్తేమీ కాదు. పుట్టిన దగ్గర్నించి వలల్లో చూస్తున్న నైలాను దారం లాంటిదే. అలాంటి దారాన్ని చీకట్లో కూడా వేలితో తడిమి ఎంత లావో చెప్పగలదు. అదొచ్చి పాదం తాకితే తెలియలేదు. షుగరు అన్న మాట కంటే అదే ఆవిడ గుండెల్లో గుచ్చుకుంది.

ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పినవన్నీ శ్రీదుర్గే విన్నది. మాత్రలు వేళకి వేసుకోవాలి. చేప మానక్కర్లేదు, కంచంలో అన్నం కుప్ప తగ్గించాలి, ఆ జాగాలో కూర పెరగాలి. టీలో పంచదార వద్దు. రోజూ పాదాల అడుగున అద్దం పెట్టి చూసుకోవాలి. పుండు మానేదాకా తట్ట ఎత్తకూడదు, తిరగకూడదు. ఎప్పటికీ వట్టికాళ్ళతో నడవకూడదు.

"వేట పూజ ఉందమ్మా," అంది సత్యవతమ్మ, అంతసేపటికి నోరు తెరిచి. "బిందె పట్టుకుని పడవల దాకా నడవాలి."

"ఎంత దూరం?"

"మీ గేటు దాకా ఉంటదేమో."

"ఆ కాస్త దూరం చెప్పులతో అయితే వెళ్ళండి. చెప్పుల్లేకుండా అయితే మీ వాకిట్లోకి కూడా రావద్దు. పుండు ముదిరితే కాలు దక్కదు."

తిరిగొచ్చేటప్పుడు దారిలో చెప్పులు కొన్నారు. మెత్తటి అడుగు, వెనక పట్టీ, నల్లగా బండగా ఉన్నాయి. ఆటోలో సత్యవతమ్మ వాటిని సీటు కిందికి నెట్టేసింది. ఇన్నేళ్ళూ నలుగురూ మెచ్చుకుంటే లోలోపల పొంగిపోయింది. దేవుడి దగ్గర కూడా గర్వంగానే నిలబడింది. ఆ గర్వమంతా జబ్బు చేసిన పనా? ఎవరో తన వంటి మీద గిల్టు బంగారం పెట్టి ఊరంతా ఊరేగించినట్టనిపించింది.

"ఎవరికీ చెప్పకు," అంది కోడలితో. "ముల్లు గుచ్చుకుందని చెబుదాం."

"ఎందుకు అత్తమ్మా? తప్పు చేశామా?"

"కోటయ్యని చూడలేదా?"

కోటయ్యకి షుగరుతో కాలు తీసేశారు. సరుగుడు తోపు చివర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆయన చెవులు దివ్యంగా ఉన్నాయి. అయినా అందరూ ఆయనతో చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా, జాలిగా మాట్లాడతారు. ఆ గొంతు తనకోసం వినాల్సి వస్తే సముద్రంలో పడటమే నయమనుకుంది సత్యవతమ్మ.

ఆ పూట కంచంలో గుప్పెడన్నం, దాని పక్కన దానికి రెండింతలు తోటకూర, రెండు ఎండు చేప ముక్కలు వచ్చాయి. సత్యవతమ్మ కంచాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమే, కాకికి పెట్టేది పొరపాటున నాకు పెట్టావా?"

పక్కన కూర్చున్న మొగుడు నూకరాజుకి నవ్వాగలేదు. పెళ్ళాం చూసిన చూపుకి ఆ నవ్వు నోట్లోనే చచ్చిపోయింది. తన కంచం ముందుకి తోశాడు. "నాకూ అంతే పెట్టమ్మా," అన్నాడు కోడలితో. ముప్పై ఏళ్ళుగా కొండంత కుప్పలో పులుసు గుంట చేసుకుని తిన్న మనిషి ఆ గుప్పెడు మెతుకులూ తిని లేచాడు. సాయంత్రం ఆకలికి తాళలేక బీచి రోడ్డు మీద బండి దగ్గర అరడజను మిరపకాయ బజ్జీలు లాగించాడనుకోండి, అది వేరే సంగతి. పెళ్ళాం ఎదురుగా మాత్రం తినలేదు. ఆ మాత్రం మర్యాద ఎందరు మొగుళ్ళకుంటుంది?

తినడం ఒక ఎత్తు, ఊరికే కూర్చోవడం ఒక ఎత్తు. సత్యవతమ్మకి కూర్చోవడం చేతకాదు. అరుగు మీద కూర్చుని వచ్చేపోయే ఆటోలని తిట్టింది. మాత్రల్ని తిట్టింది. పంచదార లేని టీని ఒక గుక్క తాగి, వేడి కషాయంలా ఉందని పెరట్లో పారబోసింది. శ్రీదుర్గ మళ్ళీ పెట్టి తెచ్చింది. మళ్ళీ పారబోసింది. మూడోసారి కోడలు అల్లం దంచి వేసి తెచ్చి, గ్లాసు చేతికివ్వకుండా పక్కనే పెట్టి వెళ్ళిపోయింది. అది చల్లారేదాకా చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని తాగింది.

అవనిగడ్డ నుంచి శ్రీదుర్గ అన్న పంపిన రసాలు మంచం కింద గడ్డిలో మగ్గుతున్నాయి. ఆ వాసన ఇల్లంతా తిరిగి తిరిగి తన ముక్కు దగ్గరికే వస్తున్నట్టుంది. మర్నాడు శ్రీదుర్గ నీళ్ళకెళ్ళిన అదను చూసి సత్యవతమ్మ రెండు పళ్ళు కొంగులో దాచుకుని పెరటి గోడ వెనక్కి వెళ్ళింది. మొదటి పండు పిసికి, ముచ్చిక తీసి, టెంక తెల్లబడేదాకా జుర్రింది. రెండోది సగంలో ఉండగా దుఃఖం వచ్చేసింది. తన ఇంట్లో, తన కోడలి పుట్టింటి పండు, తాను దొంగలా గోడ చాటున తినాల్సొచ్చిందే అని ఏడ్చింది. మూతికంటిన రసమూ కన్నీళ్ళూ కలిసి గడ్డం మీదికి కారాయి.

బిందె దించిన చప్పుడయింది. శ్రీదుర్గ వచ్చి ఎదురుగా నిలబడింది. ఇప్పుడు తిడుతుంది, తిట్టనీ, అనుకుంది సత్యవతమ్మ. కోడలు తిట్టలేదు. పక్కనే చతికిలబడి కొంగుతో అత్తగారి గడ్డం తుడిచింది.

"ఎప్పుడైనా ఒక ముక్క తినచ్చంది డాక్టరమ్మ. తినాలనిపిస్తే నాతో కూర్చుని తిను అత్తమ్మా. ఇద్దరం చెరో ముక్కా తిందాం. ఇట్టా ఒక్కదానివే ఏడుస్తా తినకు."

సత్యవతమ్మ చేతిలోని సగం పండు కోడలికిచ్చేసింది. ఆ సాయంత్రం తనే అడిగి అద్దం తెప్పించుకుంది. మంచం మీద కాలు మడిచి అడుగున అద్దం పెట్టి, వల చిరుగులు వెతికేటంత శ్రద్ధగా వేలికీ వేలికీ మధ్య వెతికింది. పాదం తనకి తెలియనివ్వకపోతే కంటితోనైనా తెలుసుకోవాలి. ఆ పట్టుదల వచ్చిన తర్వాత ఆ మనిషి మరి వెనక్కి చూసుకోలేదు.

పూజ ముందురోజు తీరంలో పెద్దవాళ్ళందరూ కూడి ఎవరి పని ఏమిటో అనుకుంటారు. సత్యవతమ్మ వెళ్ళక తప్పలేదు. తోపు దాకా నూకరాజు బండి మీద దింపాడు. తోపు చివర అందరూ చెప్పులు విప్పి వరసగా వదిలేస్తారు. అక్కణ్ణించి పడవల దగ్గరికి చెప్పులతో అడుగు పెట్టరు. తాత ముత్తాతల నాటి కట్టడి అది. నలుగురి ప్రాణాలు మోసే పడవ దగ్గరికి వట్టికాళ్ళతోనే వెళ్ళాలి. సత్యవతమ్మ ఆ వరస దగ్గర ఆగింది. కొత్త నల్లచెప్పుల వంక చూసుకుంది. వాటితోనే వరస దాటి నడిచింది.

వలలు బాగుచేస్తున్న మొగవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. రంగులేసిన పడవ పక్కన ఎండలో నిలబడి అజమాయిషీ చేస్తున్న వెంకాయమ్మ ఇటు తిరిగింది.

"సత్యవతీ! కాళ్ళకేంటే అయ్యి?"

"ముల్లు గుచ్చుకుంది పిన్నీ."

"ముల్లు గుచ్చుకుంటే ఇంట్లో పడుకో. ఇట్టా చెప్పులేసుకుని పడవల మీదకొస్తావా? రేపు బిందె కూడా ఇట్టాగే తెస్తావా?"

"తెస్తాను."

"తెస్తావా!" వెంకాయమ్మ గొంతు తోపు దాకా వినపడింది. "పిల్లలు నడిసముద్రంలోకి వెళ్ళేటోళ్ళే. గంగమ్మకి కోపం వస్తే నువ్వొచ్చి మొక్కుతావా? చెప్పులు విప్పి తేగలిగితే తే. లేదంటే బిందె ఇంకోళ్ళకిచ్చేస్తాం."

నిజం సత్యవతమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. కుర్చీలోంచి కోటయ్య తొంగి చూస్తున్నాడు. ఆ మాట మళ్ళీ లోపలికే వెళ్ళిపోయింది. తలొంచుకుంది. వంచిన తలకి వెంకాయమ్మ పాదాలు కనపడ్డాయి. పగుళ్ళు తేలిన నల్లటి పాదాలు. తక్కిన ఆడవాళ్ళంతా పోట్లాట చూడాలన్న ఆశ చావక, కాళ్ళ మంట ఓర్చుకోలేక ఆ కాలూ ఈ కాలూ మారుస్తూ నీడకేసి జరుగుతున్నారు. ఆ రెండు పాదాలు మాత్రం ఇసుకలో పాతినట్టు కదలకుండా ఉన్నాయి. సత్యవతమ్మ వెనక్కి తిరిగి, తిన్నగా నడుచుకుంటూ తోపులోకి వచ్చేసింది.

ఇంటికొచ్చాక నూకరాజు చాలాసేపు గోళ్ళు గిల్లుకున్నాడు.

"ఈ ఒక్కసారికీ వట్టికాళ్ళతో వెళ్ళకూడదా?" అన్నాడు చివరికి. "కట్టు మీద గుడ్డ చుట్టుకుని. సముద్రంతో పని కదా సత్యవతీ. నాకూ భయంగానే ఉంది."

"నాకు లేదా భయం? నువ్వు వెళ్ళిన ప్రతిసారీ వచ్చేదాకా నోట్లోకి ముద్ద దిగదు నాకు." సత్యవతమ్మ అరవలేదు. "గంగమ్మని నేను తక్కువ చేయను. కాలు పోగొట్టుకుని రమ్మని ఆ తల్లి అడగదు కూడా. ఆవిడకి బిందె మోసే మనిషి ప్రతేడూ కావాలి."

తెల్లారేసరికి పక్కన నూకరాజు లేడు. పెరట్లో బొక్కెన ముందు కూర్చుని పెళ్ళాం చెప్పులు కడుగుతున్నాడు. కడిగి, గుడ్డతో తుడిచి, పళ్ళెంలో ఉన్న పసుపు రెండు పట్టీలకీ రాశాడు. కుంకుమ చుక్క పెట్టాడు. గడప దగ్గర నిలబడిపోయిన సత్యవతమ్మని చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఇంజనుకి పెడతన్నాం, తెడ్డుకి పెడతన్నాం. చెప్పు ఏం పాపం చేసింది?" అని గొణిగి, బొక్కెన తీసుకుని వెళ్ళిపోయాడు. ఈ మనిషితో ఇన్నేళ్ళ కాపురం దండగ కాలేదని సత్యవతమ్మకి ఆ ఉదయం గట్టిగా అనిపించింది.

ఆయన అటు వెళ్ళాడో లేదో పెరటి తడిక కదిలింది. వెంకాయమ్మ. కొంగు నెత్తిమీదికి లాక్కుని, వెనక ఎవరైనా చూశారేమోనని తిరిగి చూసి, గబగబా లోపలికొచ్చి పీట మీద కూర్చుంది.

"తలుపెయ్యి."

సత్యవతమ్మ తలుపు మూసింది. బిందె కోసం వచ్చిందనుకుంది. మాటకి మాట అప్పచెప్పడానికి సిద్ధపడి నిలబడింది.

"నీకు గుచ్చుకున్నది ముల్లు కాదే," అంది వెంకాయమ్మ. గొంతులో నిన్నటి జోరు లేదు. "నిన్న నువ్వు వెనక్కెళ్తుంటే చూశాను. అంత కట్టు కట్టుకుని ఒక్క అడుగు కుంటలేదు నువ్వు. ముల్లు గుచ్చుకున్న మనిషి కుంటకుండా ఎట్టా నడుస్తదే?"

వెంకాయమ్మ చీర కుచ్చిళ్ళు పైకి లాగి కాలు చాపింది. మడమ పక్కన పగులు ఒకటి లోతుగా నోరు తెరుచుకుని, అంచులు నల్లబడి ఉంది.

"ఇది నొప్పి పెట్టదు. పెట్టాలి కదా? నేను బిందె నీకెందుకిచ్చాననుకున్నావు? మోకాళ్ళకేం, గుండ్రాళ్ళల్లే ఉన్నాయి. ఇసుక మీద అడుగేస్తే కింద ఇసుకుందో లేదో తెలిసేది కాదు. ఎక్కడ తడబడి బిందె పారేస్తానో, ఎంత అపచారమవుతదోనని భయపడి ఇచ్చాను. అప్పటికే నువ్వు ఎండలో తిరుగుతుంటే అందరితో పాటు నేనూ మురిశాను. తల్లే ఇచ్చిందనుకున్నాను. నాది మాత్రం వయసు వల్లే అనుకున్నాను."

సత్యవతమ్మ కింద కూర్చుంది. వసారాలో మేకుకి వేలాడుతున్న వలలోంచి తెగిన కొస ఒకటి, జానెడు నైలాను దారం తెంపింది. వెంకాయమ్మ పాదం ఒళ్ళో పెట్టుకుంది.

"కళ్ళు మూసుకో పిన్నీ. దారం తగిలినప్పుడల్లా ఊఁ అను."

వెంకాయమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. సత్యవతమ్మ బొటనవేలి మీద దారం ఆనించింది. దారం వంగింది. పక్క వేలు. దాని పక్కది. పాదం నడుమ. దూరంగా తీరంలో డప్పు మొదలైంది. మడమ దాకా వచ్చేసింది.

"మొదలెట్టవే," అంది వెంకాయమ్మ కళ్ళు మూసుకునే. "అవతల డప్పు కొడతన్నారు."

ఆ రోజు డాక్టరమ్మ వెంటనే ఎందుకు బదులివ్వలేదో సత్యవతమ్మకి ఇప్పుడర్థమైంది. దారం పక్కన పెట్టి, చెంబులో నీళ్ళు తీసుకుని, ఆ పాదం కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా కొంగుతో ఒత్తింది. వెంకాయమ్మ కళ్ళు తెరిచింది. చూసింది. ఏం జరిగిందో అర్థమైపోయింది.

"నాకు షుగరుంది పిన్నీ," అంది సత్యవతమ్మ. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట ఇంత తేలిగ్గా బయటికొస్తుందని అనుకోలేదు. "నీకూ అదే అయ్యుంటది. రేపు ఇద్దరం బందరు వెళ్దాం. నేను తీసుకెళ్తాను."

సముద్రాన్ని కూడా దబాయించగల వెంకాయమ్మ చిన్నపిల్లలా ఏడ్చింది. "కోటయ్యలా కూర్చోబెడతారా నన్ను?"

"కూర్చోకుండా ఉండటానికే చెప్పులు. ఆయనకి ముందు చెప్పినోళ్ళు లేరు. మనకున్నారు."

వెంకాయమ్మ ముక్కు చీదుకుంది. "అన్నం మానెయ్యాలంటనా?"

"మానక్కర్లేదు. కుప్ప తగ్గాలి. టీలో పంచదార మానాలి."

"చేప?"

"తినొచ్చు."

"అయితే బతకొచ్చులే," అని లేచింది వెంకాయమ్మ. గుమ్మం దగ్గర పసుపూ కుంకుమా పెట్టి ఉన్న నల్లచెప్పులు చూసి ఆగింది. వాటి పక్కనే నూకరాజు రబ్బరు చెప్పులు ఉన్నాయి, అరిగిపోయి, పడవల్లా. వాటి వంకా కాసేపు చూసింది.

సూర్యుడు నడినెత్తికొచ్చాడు. తీరం నిండా జనం. సత్యవతమ్మ పసుపునీళ్ళ బిందె చంకనెత్తుకుని, చేత్తో వేపమండలు పట్టుకుని తోపులోంచి బయటికొచ్చింది. చెప్పుల వరస దగ్గర ఈసారి ఆగలేదు. డప్పు ఒక్క దెబ్బ తప్పింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "ముల్లంట," అంది ఎవరో. సత్యవతమ్మ అటు తిరిగింది.

"ముల్లు కాదు, షుగరు," అంది, అందరికీ వినపడేట్టు. కోటయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

గుసగుసలు ఇంకా పెద్దవయ్యేవే. ఇంతలో వెనకనించి ఇసుకలో టపా టపా మని చప్పుడు వినిపించింది. జనం పక్కకి తప్పుకున్నారు. చేతిలో కొబ్బరికాయ, నుదుట ఇంత బొట్టు, కాళ్ళకి నూకరాజు రబ్బరు చెప్పులతో వెంకాయమ్మ వస్తోంది. రెండు చెప్పులూ మడమల వెనక బెత్తెడు బయటికున్నాయి. అడుగడుక్కీ ఇసుక ఎగజిమ్ముతూ, జారిపోయే చెప్పుని వేళ్ళతో పట్టుకోలేక పాదం ఈడుస్తూ, తల మాత్రం దించకుండా వచ్చి సత్యవతమ్మ పక్కన నిలబడింది.

ఆ పల్లెలో వెంకాయమ్మని అడిగే నోరు ఇంకా పుట్టలేదు.

"ఏం చూస్తన్నారు?" అంది జనం వైపు తిరిగి. "డప్పు ఆపారేంట్రా? నడవవే సత్యవతీ, నీళ్ళు పొయ్యి."

వట్టికాళ్ళతో పడవ దగ్గర నిలబడ్డ నూకరాజు తన చెప్పుల్ని గుర్తుపట్టి, నవ్వు దాచుకోవడానికి అటు తిరిగి తాడు సర్దుకున్నాడు. డప్పు మళ్ళీ అందుకుంది. సత్యవతమ్మ అడుగు ముందుకేసింది. పక్కన ఆ పెద్ద చెప్పుల చప్పుడు వెనకబడకుండా తనూ కాస్త నెమ్మదిగా నడిచి, మొదటి పడవ ముక్కు మీద పసుపునీళ్ళు పోసింది.